నాయన తుంటి మళ్లీ మార్చాలంట. రెండు ముక్కల స్టెమ్మా, ఒకే ముక్కదా?

కావలి_కుర్రోడు · ఆదివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చెన్నై పోరూరులో ఉంటాను, సొంతూరు కావలి. మా నాయనకి 69, రిటైర్డ్ హెడ్మాస్టరు. 2004లో స్కూలు మెట్ల మీద పడి కుడి తుంటి విరిగితే మార్చినారు. పదిహేనేళ్లు సైకిలు కూడా తొక్కినాడు. ఏడాదిగా తొడ మధ్యలో నొప్పి. కూర్చోని లేస్తే మొదటి నాలుగడుగులు పళ్లు బిగబట్టుకుంటాడు, తరవాత సర్దుకుంటుంది. కుడికాలు పొట్టైంది. మాకెవరికీ చెప్పకుండా ఆయనే నోటుపుస్తకం అట్ట కోసి చెప్పులో పెట్టుకున్నాడు. మొదట ఒక ముక్క, సంక్రాంతికి మూడు. అమ్మ చెప్పిందాకా మాకు తెలవలా.

ఇక్కడ ఇద్దరు డాక్టర్లకి చూపించాము. గిన్నెలో ప్లాస్టిక్ అరిగింది, ఆ పొడికి పైఎముక కరిగిపోయింది, రాడ్డు వదులై కిందికి దిగింది అని ఇద్దరూ ఒకే మాట. తేడా ఆ తరవాతే. మొదటాయన మాడ్యులర్ స్టెమ్ (స్టెమ్ అంటే తొడ ఎముకలో దించే రాడ్డే) వేస్తాను, రెండు ముక్కలు, లోపలే బిగిస్తాం అన్నాడు. రెండో ఆయన "ఆ అతుకు దగ్గరే విరుగుతాయి, నేను ఒకే ముక్కది వేస్తా" అన్నాడు. చీటీలో "పాప్రోస్కీ 3ఏ" అని రాసుంది. రాత్రంతా నెట్‌లో చదివి ఇంకా భయం పెంచుకున్నాను. వేయించుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

ఓఎంఆర్_తెలంగాణ · ఆదివారం రాత్రి 11:48

అన్నా, మాడ్యులర్ జోలికి పోకు. 2012ల స్ట్రైకర్ కంపెనోళ్లు వాళ్ల మాడ్యులర్ తుంటిలు వాపస్ తీసుకున్నరు గదా. అతుకు కాడ తుప్పు పట్టి కోబాల్టు రక్తంల కలుస్తదంట, చుట్టూ కండ ఖరాబైతదంట. అంతకుముందు జాన్సన్ వాళ్లది గూడ గట్లనే అయింది. ఒకే ముక్కది ఏపియ్యి, ఫికరుండదు.

ఎముకల_పీజీ · సోమవారం ఉదయం 6:05

డ్యూటీ దిగి రాస్తున్నా. చెన్నైలోనే ఆర్థో పీజీ, రెండో ఏడు. ఎక్స్‌రే చూడకుండా ఏది వెయ్యాలో చెప్పను. కానీ పై పోస్టులో మూడు వేర్వేరు సంగతులు ఒక కుండలో పడ్డాయి.

మాడ్యులర్ అంటే ముక్కలుగా వచ్చి లోపల అతికేది. ఆ లెక్కన ఇప్పుడు వేసే తుంటి దాదాపు ఏదైనా మాడ్యులరే. బంతి విడి, రాడ్డు విడి, గిన్నె విడి, గిన్నెలో ప్లాస్టిక్ విడి. 1960లలో సర్జన్ చార్న్లీ ఇంగ్లండులో మొదలుపెట్టినప్పుడు బంతీ రాడ్డూ ఒకటే ముక్క.

2012 జూలైలో స్ట్రైకర్ వాళ్లు వెనక్కి తీసుకున్నవి రిజువనేట్, ఏబీజీ 2 అనే మోడళ్లు. వాటిలో బంతికీ రాడ్డుకీ మధ్య ఉండే మెడ కూడా విడిది: టైటానియం రాడ్డులోకి కోబాల్ట్ క్రోమ్ మెడ దూర్చేవాళ్లు. మొదటిసారి మార్పిడికి, ఎముక బాగున్నవాళ్లకి అమ్మిన సరుకు అది. అవసరం లేనిచోట ఇంకో అతుకు పెట్టి, ఆ అతుకుతోనే దెబ్బతిన్నారు. ఆస్ట్రేలియా కీళ్ల మార్పిడి రిజిస్ట్రీ లెక్కల్లో అలా మెడ మారే స్టెమ్‌లు, మామూలు వాటికన్నా దాదాపు రెండింతలు మళ్లీ ఆపరేషన్‌కి వచ్చాయి. 2010 ఆగస్టులో వెనక్కి తీసుకున్న జాన్సన్ వాళ్ల ఏఎస్ఆర్ ఇంకో కథ. అది లోహం బంతి మీద లోహం గిన్నె రాపిడి. మన దేశంలోనే సుమారు 4,700 మందికి వేశారు.

కావలి అన్నగారి డాక్టర్ చెప్పింది ఈ రెండూ కాదు. రివిజన్‌కి వాడే, అంటే ఒకసారి మార్చిన తుంటిని మళ్లీ మార్చేటప్పుడు వేసే రెండు ముక్కల స్టెమ్. కింది ముక్క పొడుగ్గా, చెక్కిన పెన్సిల్లా కొసకి సన్నబడుతుంది, చుట్టూ నిలువు గాళ్లు ఉంటాయి. ఆ గాళ్ల అంచులు తొడ ఎముక లోపలిగోడని కరిచి పట్టుకుంటాయి. పై ముక్కని బాడీ అంటాం. రెండిటికీ టేపర్ అతుకు (కొసకి సన్నబడే కాడ గుంటలో దిగి బిగుసుకునేది), పైన ఒక బోల్టు.

పాప్రోస్కీ అనేది ఎముక ఎంత పోయిందో చెప్పే గ్రేడు. 3ఏ అంటే పైఎముక పోయింది, కానీ తొడ ఎముక నడుమ సన్నగా ఉండే చోట కనీసం 4 సెంటీమీటర్ల గట్టి ఎముక ఇంకా ఉంది అని. 3బీ అంటే ఆ నాలుగూ లేవు. నాలుగో రకంలో పట్టు దొరికే గొట్టమే ఉండదు. అంటే మీ నాన్నగారిది చెడులో మంచి.

కావలి_కుర్రోడు · సోమవారం ఉదయం 8:31

చాలా థాంక్స్ డాక్టరుగారూ. అయితే రెండు ముక్కలది ఎందుకు వేస్తారు అసలు? ఒకే ముక్కలో పని అయిపోతే అతుకు దేనికి?

ఎముకల_పీజీ · సోమవారం మధ్యాహ్నం 2:10

ఒకే ముక్కదాన్ని కొడుతూ పోతే అది ఎక్కడ బిగుసుకుంటుందో అక్కడ ఆగుతుంది. మనం అనుకున్న చోటే ఆగాలని రూలు లేదు. ఇంకా సెంటీమీటరు కిందికి పోయి బిగిస్తే కాలు సెంటీమీటరు పొట్టి. పైన బంతి మెడ పొడుగు మార్చి కొంత సర్దొచ్చు, అదీ కొంతే. ఈ తరహా ఒకే ముక్క స్టెమ్‌లకి ఆద్యుడు జర్మనీ సర్జన్ వాగ్నర్, 1987. బాగా పట్టేవి, కానీ మొదటి తరం వాటిలో కిందికి దిగిపోవడం చాలా కనబడింది.

మాడ్యులర్‌లో కింది ముక్కని ముందు దాని ఇష్టప్రకారం బిగనిస్తాం. తరవాత పై ముక్కల్లోంచి పొడుగుదో పొట్టిదో ఎంచుకుని, ముందుకో వెనక్కో తిప్పి, కాళ్లు సమానం చూసుకుని, కండరాలు బిగువు చూసుకుని అతికిస్తాం. పట్టు సంగతి, పొడుగు సంగతి రెండూ విడదీశారన్నమాట. దానికి మనం కట్టే మూల్యం ఆ అతుకు.

అంబత్తూరు_లేత్ · సోమవారం సాయంత్రం 7:44

వైద్యం నాకు తెలీదండి. అంబత్తూరు ఎస్టేట్లో నలభై ఏళ్లు లేత్ మీద బతికినవాణ్ణి, మాది తణుకు. మా ఆవిడకి మోకాలు మార్చినప్పుడు పక్క మంచం ఆయన ఎక్స్‌రేలో ఈ రెండు ముక్కల రాడ్డు చూసి, ఇంటికొచ్చి దొరికిందల్లా చదివాను. అతుకు గురించి మట్టుకు చెప్పగలను.

డ్రిల్లింగ్ మెషీన్లో మోర్స్ టేపరు చూశారా? డ్రిల్లుని స్లీవులో చేత్తో విసురుగా ఒక్క పోటు పొడిస్తే పట్టేసుకుంటుంది. నట్టూ లేదు, బోల్టూ లేదు. 1860లలో స్టీఫెన్ మోర్స్ అనే అమెరికా ఆయన కనిపెట్టాడు, ఇవాళ్టికీ అంబత్తూరులో దాని మీదే పని. ఊడదీయాలంటే సందులో ఆప్పు (చీల) పెట్టి సుత్తితో కొట్టాలి. మీ నాన్నగారి తొడలో పెట్టేది దాని తమ్ముడే.

పేచీ ఎక్కడంటే, స్లీవులో సన్న రజను ఒక్కటున్నా పట్టు రాదు. మా షాపులో కొత్త కుర్రాళ్లకి మొదటి పాఠం అది, గుడ్డతో తుడువు, తరవాత కొట్టు. ఒంట్లో రజనుకి బదులు రక్తం, కొవ్వు, ఎముక పొడి.

రెండోది. మనిషి ఏడాదికి ఒక్కో కాలి మీద సుమారు పది లక్షల అడుగులేస్తాడట. నడకలో తుంటి మీద పడేది ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లు. కాలు తడబడితే ఎనిమిది రెట్ల దాకా కొలిచారట. అడుగడుక్కీ అతుకులో రెండు లోహాలూ కంటికి కనబడనంత జరుగుతాయి. టైటానియం మీద సహజంగా ఒక సన్నపొర ఉంటుంది, అదే దాని తుప్పు మందు. జరిగినప్పుడల్లా పొర గీసుకుపోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. ఆ ఇరుకు సందులో నీరు పులుస్తుంది. గీసుకున్న చోట సన్న చీలిక, చీలిక నుంచి విరుగు. పాత సైకిలు క్రాంకులో కోటరు పిన్ను గుర్తుందా? మొదట కటక్ కటక్ మంటుంది. బిగించకుండా నెల తొక్కితే పిన్నే కాదు, క్రాంకూ పాడే.

మూడోదే అసలుది. కంచె గుంజ ఎక్కడ విరుగుతుంది? మొదట్లోనూ కాదు, చివరా కాదు, నేల మట్టం దగ్గర. కింద మట్టి పట్టుకుంది, పైన గాలి. మీ నాన్నగారి ఎముక కింద గట్టిగా పట్టి, పైన అసలు లేకపోతే, వంపంతా అతుకు మీదే పడుతుంది. కాబట్టి డాక్టరు గారిని అడగాల్సింది మాడ్యులరా కాదా అని కాదండి. "అతుకు చుట్టూ ఎముక ఉంటుందా, గాలిలో ఉంటుందా" అని అడగండి. తొడ ఎముకని గుంజతో పోల్చినందుకు క్షమించాలి.

ఎముకల_పీజీ · సోమవారం రాత్రి 10:15

అంబత్తూరు గారూ, మా ప్రొఫెసరు గంటసేపు చెప్పింది మీరు గుంజ మీద తేల్చేశారు. విరిగిన కేసుల రిపోర్టులు చూస్తే అదే: బరువు ఎక్కువున్నవాళ్లు, పైఎముక ఆసరా లేనివాళ్లు, సన్నసైజు స్టెమ్ పడ్డవాళ్లు. అది చూశాకే కంపెనీలు అతుకుని లావు చేశాయి, కొన్ని దాని ఉపరితలాన్ని రోలర్లతో నొక్కి, కొన్ని సన్న గుండ్లతో కొట్టి గట్టిపరిచాయి.

అంబత్తూరు_లేత్ · సోమవారం రాత్రి 10:22

షాట్ పీనింగ్. లారీ కమాను పట్టీలకి చేసేదే.

నిర్వాహకుడు · మంగళవారం ఉదయం 9:00

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు అడుగుతూ రాసిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరు మంచి డాక్టరు అనే చర్చ ఇక్కడొద్దు.

థియేటర్_అక్క · మంగళవారం మధ్యాహ్నం 3:37

నేను చిత్తూరుపిల్లని, ఇక్కడ ఆపరేషన్ థియేటర్లో పద్నాలుగేళ్లుగా ఉండాను. తమ్ముడూ, స్టెమ్ ఏందనేది తరవాత. ముందు ఇన్ఫెక్షన్ లేదని గట్టిగా తేల్చినారా? ఈఎస్ఆర్, సీఆర్పీ అని ఒంట్లో వాపు చూపించే రక్తపరీక్షలు చేసుంటారు. అవి పెరిగింటే కీల్లోంచి సూదితో నీళ్లు తీసి కల్చరుకి పంపాల. కొన్ని క్రిములు నిదానంగా పెరుగుతాయి, అందుకని పద్నాలుగు దినాలు పెట్టాల. మూడో దినమే "ఏమీ రాలేదు" అంటే నమ్మొద్దు. దానికి ముందు రెండు వారాలన్నా యాంటీబయాటిక్ వేసుకోకూడదు. మీ నాయన జొరానికి మెడికల్ షాపులో ఏదన్నా కొనుక్కోని మింగినాడేమో అడుగు. పెద్దోళ్లు చెప్పరు. చీము ఉండే కీలులో వజ్రాల స్టెమ్ పెట్టినా నిలవదు. అట్లాంటప్పుడు పాతదంతా పీకి, మందు కలిపిన సిమెంటు బొమ్మ పెట్టి, కొన్నాళ్లాగి రెండోసారి వేస్తారు.

ఇంకోటి. 2004లో వేసిన దాని స్టిక్కరు ఉందా? ఇంప్లాంట్ డబ్బా మీద చిన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి, కంపెనీ, సైజు, లాట్ నంబరు. ఒకటి కేస్‌షీట్లో, ఒకటి మీకిచ్చే కాగితంలో అంటిస్తాం. గిన్నె గట్టిగా ఉంటే దాన్ని పీకకుండా లోపలి ప్లాస్టికే మార్చొచ్చు. కానీ ఆ మోడలుకి ప్లాస్టిక్ ఇప్పుడు దొరకాల కదా. ఏ కంపెనీదో తెలీకుండా లోపలికి పోతే, ట్రేలు పది తెప్పించినా పదకొండోది కావాలంటుంది.

కావలి_కుర్రోడు · మంగళవారం రాత్రి 9:50

అక్కా, ఆ పాత ఆసుపత్రికి ఫోన్ చేసినాను. ఇరవై ఏళ్ల రికార్డులు లేవు పొమ్మన్నారు. నాయనకి ఈ విషయం చెప్తే ఏమీ అనకుండా బీరువా తెరిచి 2004 డైరీ తీసినాడు. మార్చి నెల పేజీలో నాలుగు స్టిక్కర్లు వరసగా, కింద ఎర్రసిరాతో "నా కొత్త ఎముక వివరములు" అని రాసి సంతకం, తేదీ. ఫోటో తీసి ఇద్దరు డాక్టర్లకీ పంపినాను. సీఆర్పీ మామూలుగానే ఉంది. జొరం మాత్ర సంగతి అడిగితే సంకోచించి "పోయిన నెల మూడు దినాలు" అన్నాడు.

థియేటర్_అక్క · మంగళవారం రాత్రి 10:02

చూసినావా!! డాక్టర్‌కి చెప్పు ఇప్పుడే. మీ నాయనకి ఆ డైరీకి మటుకు దండం పెట్టాల.

గ్రీమ్స్‌రోడ్_లాడ్జి · బుధవారం ఉదయం 7:15

మా అమ్మకి మూడేళ్ల కిందట ఒకే ముక్కది వేశారు, ఆ రెండో డాక్టరు చెప్పిన టైపే. ఒంగోలు నుంచి వచ్చి గ్రీమ్స్ రోడ్డు వెనక సందులో లాడ్జిలో నెలన్నర ఉన్నాం, అందుకే ఈ పేరు. మొదటి రెండు నెలల్లో రాడ్డు దాదాపు సెంటీమీటరు దిగింది. నాకు గుండె ఆగినంత పనైంది. డాక్టరు గారు ఆరు వారాలకోసారి ఎక్స్‌రే తీయించి, స్కేలు పెట్టి గీతలు గీసి, ఆగింది ఇక దిగదు అన్నారు. నిజంగానే ఆగింది. ఇప్పుడు చెప్పుకి ఒక పక్క హీల్ ఎత్తు చేయించాం, గుడికి నడిచి వెళ్తుంది. కాబట్టి ఒకే ముక్కదీ పనిచేస్తుంది, భయపెట్టి మరీ పనిచేస్తుంది.

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. మాకు ఇచ్చిన ఎస్టిమేట్‌లో ఇంప్లాంట్ ఒక లైను. బిల్లులో ఎముక కట్టే కేబుళ్లు విడిగా, ఎముక గ్రాఫ్టు విడిగా, బంతి మార్చినందుకు విడిగా. మోకాలి ఇంప్లాంట్లకి 2017 ఆగస్టులో సర్కారు ధర కట్టింది కదా, తుంటికీ ఉంటుందనుకుని వెళ్లాను, అప్పట్లో కట్టింది మోకాలికే. ముందే "కేబుళ్లతో కలిపి ఎంత" అని రాయించుకోండి.

ఎనిమిదేళ్ల_నడక · బుధవారం రాత్రి 8:20

వడపళని నుంచి. నాది మాడ్యులరే, ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు నాకు 61. చూసినవాళ్లు కాదు, మోసినవాణ్ణి చెప్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ఆపరేషన్ నాలుగు గంటలు. పాత రాడ్డు సిమెంటుది, తీయడానికి తొడ ఎముక బయటి గోడని పొడుగునా కోసి, తలుపు తెరిచినట్టు తెరిచి, తీసి, మళ్లీ మూసి మూడు కేబుళ్లు కట్టారు. ఆ తలుపు అతుక్కునే దాకా ఆ కాలి మీద సగం బరువే. పది వారాలు వాకరు. ఫిజియో అమ్మాయి బాత్రూము తూకం యంత్రం తెచ్చి దాని మీద కాలు పెట్టించి "ఇరవై కిలోలు చూపిస్తే చాలు సార్, ముప్పై రాకూడదు" అనేది. సగం బరువు అంటే ఎంతో ఆ ముల్లు చూశాక తెలిసింది.

మూడో నెలలో సోఫాలో ఒరిగి కింద పడిన రిమోట్ అందుకోబోయాను. బంతి గిన్నెలోంచి జారిపోయింది. ఆ నొప్పి చెప్పను. మత్తిచ్చి మళ్లీ ఎక్కించారు, ఆ తరవాత జారలేదు. నేను అందరిలాగే రాడ్డు విరుగుతుందేమోనని భయపడుతూ కూర్చున్నాను, నన్ను పడగొట్టింది రిమోట్.

ఇప్పుడు: నడక బాగుంది. రోజూ పార్కులో నాలుగు చుట్లు. వాన పడే ముందు తొడ మధ్యలో సలుపు. కొంచెం కుంటు ఉంది, పిరుదు పక్క కండ పూర్తిగా తిరిగి రాలేదు. మొదటిసారి మార్చినప్పుడు ఆపరేషన్ జరిగిందన్న సంగతే మర్చిపోయాను. ఈసారి మర్చిపోలేదు. మీ నాన్నగారికి ఇది ముందే చెప్పండి, రెండో తుంటి మొదటి తుంటి కాదు.

ఎముకల_పీజీ · బుధవారం రాత్రి 11:40

ఈయన చెప్పింది లెక్కల్లోనూ అంతే. అమెరికాలో మాయో క్లినిక్ వాళ్లు 2017లో ఐదొందలకి పైగా ఇలాంటి మాడ్యులర్ స్టెమ్‌ల ఫలితాలు ప్రచురించారు, ఇన్ఫెక్షన్ లేని రివిజన్లు. పదేళ్లకి స్టెమ్ మళ్లీ మార్చాల్సిన అవసరం రానివాళ్లు తొంభై శాతం పైమాటే. స్టెమ్ జోలికి పోకుండా మళ్లీ థియేటర్‌కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది కీలు జారినవాళ్లు. అతుకు విరగడం అరుదు, జారడం మామూలు.

ఒకే ముక్క, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనల్లో కూడా నిలకడ దాదాపు సమానంగానే వస్తోంది. ఇప్పటి ఒకే ముక్కవి మొదటి తరం వాటికన్నా చాలా మేలు. అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరు తప్పని కాదు. చెయ్యి ఎందులో తిరిగిందన్నది పెద్ద తేడా.

జారకుండా ఇప్పుడు డ్యూయల్ మొబిలిటీ అని వాడతారు. చిన్నబంతి పెద్ద ప్లాస్టిక్ బంతిలో, అది గిన్నెలో తిరుగుతుంది. 1970లలో ఫ్రాన్సులో బూస్కే తెచ్చింది. దాంట్లోనూ లోహపు లైనరు (గిన్నె లోపల కూర్చునే పొర) విడిగా పెట్టే రకం ఉంది, అంటే ఇంకో అతుకు! అంబత్తూరు గారు నవ్వుతారు.

అంబత్తూరు_లేత్ · గురువారం ఉదయం 5:50

నవ్వానండి.

ఓఎంఆర్_తెలంగాణ · గురువారం ఉదయం 10:30

నేను మొదట రాసింది అన్నీ కలిపేసిన, తప్పే. కానీ ఒక సందేహం. గీ రివిజన్ మాడ్యులర్ల కోబాల్టు ఉంటదా ఉండదా? రక్తపరీక్ష ఏటా చేపియ్యాల్నా?

ఎముకల_పీజీ · గురువారం మధ్యాహ్నం 1:25

స్టెమ్ ముక్కలు రెండూ టైటానియం అయితే కోబాల్టు వచ్చే దారి ముఖ్యంగా బంతే, అదీ కోబాల్ట్ క్రోమ్ బంతి వేస్తే. సిరామిక్ బంతి వేస్తే ఆ బెడద చాలామటుకు తగ్గుతుంది. నొప్పి, వాపు ఉంటే పరీక్ష చేస్తాం. మెడ మీది అతుకు తుప్పులో క్రోమియం కన్నా కోబాల్టు ఎక్కువ కనబడటం గుర్తు. ఏ బాధా లేకుండా ఏటా అందరికీ అక్కర్లేదు, ఏటా ఎక్స్‌రే మాత్రం తీయించాలి.

కావలి_కుర్రోడు · గురువారం రాత్రి 9:12

నాయన ఈ చర్చంతా నా ఫోన్‌లో చదివినాడు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే టైపు చేస్తున్నా:

"అయ్యలారా, అట్ట ముక్కలు మూడు కాదు, నాలుగు. మావాడు లెక్కలో ఎప్పుడూ వీకే. పీజీ బాబు 'పెన్సిల్' అన్న పోలిక బాగుంది. తణుకు వారి గుంజ ఇంకా బాగుంది. నా ప్రశ్న ఒక్కటే. నేలమీద కూర్చుని విస్తట్లో భోంచేయగలనా? పోయిన ఏడాది నుంచి పెళ్లిళ్లకి పోవడం మానేశాను."

ఎనిమిదేళ్ల_నడక · గురువారం రాత్రి 9:40

మాస్టారూ, నమస్కారం. కూర్చోలేరు, కూర్చోవద్దు. బల్ల మీద విస్తరి వేయించుకోండి. నేను అలాగే ముగ్గురు మేనకోడళ్ల పెళ్లిళ్లు తిన్నాను.

కావలి_కుర్రోడు · మూడు వారాల తరవాత, శనివారం సాయంత్రం 6:18

కల్చరు పద్నాలుగు దినాలు పెట్టినారు, ఏమీ పెరగలా. మొదటి డాక్టరు దగ్గరే చేయించాము. గుంజ ప్రశ్న ఇద్దరినీ అడిగినాను. రెండో ఆయన "పైన ఎముక అంతంతమాత్రమే, అందుకే నాకు అతుకు ఇష్టం లేదు" అన్నాడు, అదీ నిజాయితీగానే అనిపించింది. మొదటాయన కాగితం మీద బొమ్మ గీసి, కోసి తెరిచిన ఎముక తలుపునే తిరిగి అతుకు చుట్టూ చుట్టి కేబుళ్లు కడతాను, అది అతుక్కుంటే గుంజకి మట్టి వచ్చినట్టే అన్నాడు. నాయన బరువు 84 కిలోలు. సన్నసైజు పడితే మాడ్యులర్ వెయ్యను, ఒకే ముక్కది కూడా పక్కన పెట్టుకునే లోపలికి పోతాను అని కూడా అన్నాడు. ఆ మాటకే సరే అన్నాము.

సోమవారం జరిగింది. మంచి లావు సైజే పట్టిందంట, రెండు ముక్కలదే వేసినారు. సిరామిక్ బంతి. గిన్నె గట్టిగానే ఉంది. ఆ మోడలు ప్లాస్టిక్ ఇప్పుడు తయారు కాదంట, డైరీలో స్టిక్కరు చూసి ముందే తెలుసుకున్నారు. పాత గిన్నెలోనే కొత్త ప్లాస్టిక్‌ని సిమెంటు పెట్టి కూర్చోబెట్టినారు. డైరీ లేకుంటే బల్ల మీద తెలిసేదంట ఆ సంగతి.

కొత్త స్టిక్కర్లు ఏడు. నాయన మంచం మీదే జిగురు అడిగినాడు.

థియేటర్_అక్క · శనివారం సాయంత్రం 6:45

ఫోటో తీసి మెయిల్‌లో కూడా పెట్టుకో తమ్ముడూ. డైరీకి చెదలు పట్టొచ్చు.

అంబత్తూరు_లేత్ · శనివారం రాత్రి 7:30

అతికించే ముందు తుడిచారా లేదా అడిగారా?

కావలి_కుర్రోడు · శనివారం రాత్రి 8:05

అడిగినాను సార్. డాక్టరు నవ్వి "కడిగాం, ఆరబెట్టాం, టార్క్ రెంచి పెట్టి బోల్టు బిగించాం, మీకు ఎవరు చెప్పారు ఇదంతా" అన్నాడు. అంబత్తూరులో ఒక సారు ఉన్నాడు అన్నాను.

ఒక అనుమానం. నిన్న వాకరుతో నిలబెట్టినారు. నాయన "ఇప్పుడు కుడికాలు పొడుగైంది" అంటున్నాడు. డాక్టరు ఎక్స్‌రేలో కొలిచి సమానమే అన్నాడు. ఈయన ఒప్పుకోడు. అమ్మతో అట్ట తెప్పించి ఎడం చెప్పులో పెట్టమంటున్నాడు.

ఎముకల_పీజీ · ఆదివారం ఉదయం 6:30

పెట్టొద్దు, పెట్టొద్దు. ఏడాదిగా పొట్టికాలికి అలవాటుపడి నడుము ఒక పక్కకి వంగిపోయి ఉంటుంది. ఇప్పుడు కాళ్లు సమానమైనా నడుము ఇంకా పాత లెక్కలోనే ఉంది, అందుకే పొడుగనిపిస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది. ఇప్పుడు అట్ట పెడితే నడుము ఆ వంపులోనే ఉండిపోతుంది. ఆరు నెలలకి కూడా అలాగే ఉంటే అప్పుడు చెక్కల మీద నిలబెట్టి కొలుస్తారు.

కావలి_కుర్రోడు · ఆదివారం ఉదయం 9:17

చదివి వినిపించినాను. "సరే, ఆరు నెలలు" అన్నాడు. అట్ట మాత్రం దిండు కింద పెట్టుకున్నాడు.